తోకకు కట్టిన కల్లం గుండ్లు

నేను ఒక ట్రాక్టరును. ఈ మాట ముందుగానే గట్టిగా చెప్పేస్తున్నాను. ఎందుకంటే నా బానెట్టుకు రెండు పక్కలా ఎర్ర రంగుతో, వంకర టింకర అక్షరాలతో 'బుల్డోజర్' అని రాసి ఉంది. చదువు వచ్చినవాళ్ళు అది చదివి, రానివాళ్ళు విని, అందరూ నన్ను అదే పేరుతో పిలుస్తారు. పేరు పెట్టేముందు పసిబిడ్డను మాత్రం ఎవరడుగుతారు అంటారేమో. పసిబిడ్డకు అప్పటికి వేరే పేరు ఉండదు. నాకు అప్పటికే ముప్ఫై ఏళ్ళుగా ఒక పేరుంది, ఒక పని ఉంది, ఆ పనిలో పరువు ఉంది.

సముద్రాల అవతల ఒక చలిదేశపు కార్ఖానాలో నన్ను తయారు చేశారు. రబ్బరు చక్రాలు కాకుండా ఇనుప గొలుసుల మీద నడిచే జాతి మాది. నన్ను చేసినవాళ్ళు నాతో ఒక్క పని చేయించాలనుకున్నారు, లాగడం. నా ఇంజను ఎక్కడ కూర్చోవాలి, బరువు ఎక్కడ పడాలి, వెనక కొక్కెం ఎంత ఎత్తులో ఉండాలి, అన్నీ దానికోసమే. నా వెనక ఒక నాగలి కట్టి, ముందు దారి చూపిస్తే చాలు, సాయంత్రం దాకా తల తిప్పకుండా పోతాను. ముక్కలు ముక్కలుగా చెక్కపెట్టెల్లో మద్రాసు రేవులో దిగాను. అక్కడ నుంచి గూడ్సు బండిలో ఆదోని వచ్చాను.

ఆదోని చుట్టుపక్కల నల్లరేగడి పొలాలకు అప్పట్లో గరిక పట్టి ఉండేది. పశువులు మేసే ఆ పచ్చగడ్డిని చూసి ముచ్చట పడకండి. దాని వేళ్ళు మూరల లోతున పాకుతాయి. ఎద్దుల నాగలి దాన్ని కోస్తే, కోసిన ప్రతి ముక్కా మళ్ళీ మొలుస్తుంది. గరిక పట్టిన చేనును వదిలేసి కూలికి వలసపోయిన కుటుంబాలున్నాయి. అందుకే సర్కారువాళ్ళు నన్ను తెప్పించారు. నడి ఎండాకాలంలో, నేల నోరు తెరిచి ఉన్నప్పుడు, నేను లోతుగా దున్నుతూ పోతే గరిక వేళ్ళతో సహా పెళ్ళల కింద నుంచి బయటపడి ఎండకు మాడిపోయేది. ఊరూరా నన్ను 'చైను బండి' అనేవాళ్ళు. ఆ పేరు నాకు ఇష్టమే. అందులో అబద్ధమేమీ లేదు.

చెలమకొట్టాల అనే ఊళ్ళో ఒక ఐదెకరాల చేను దున్నడానికి వెళ్ళినప్పుడు ఉరుకుందమ్మను మొదటిసారి చూశాను. ఆ ఏడే ఆ ఇంటికి కోడలుగా వచ్చింది. ఆమె మామా, మొగుడూ కలిసి చేని మధ్యలో దిగుడుబావి తవ్వుతున్నారు. ముప్ఫై మెట్ల లోతున అప్పుడే నీళ్ళు కనిపించాయి. ఆ ఎండకు నా రేడియేటరు బుసబుస ఉడికిపోతుంటే డ్రైవరు నీళ్ళు కావాలని కేకేశాడు. ఆ పిల్ల కొంగు బిగించి మెట్లు దిగి కడవతో నీళ్ళు తెచ్చింది. అది చాల్లేదు. మళ్ళీ దిగింది. మూడో కడవకు నిలబడి నన్ను ఎగాదిగా చూసింది.

"ఇదెంత తాగుతాదన్నా?"

"దున్నపోతంత తాగుతాదమ్మా," అన్నాడు డ్రైవరు.

"తాగనీలే. మా గరిక తినేది ఇదే గదా."

ఆ ఐదెకరాలూ రెండు రోజుల్లో దున్నాను. మరుసటి ఏడు ఆ చేలో జొన్న మనిషెత్తు పెరిగిందని, మనిషి దూరితే కనిపించడం లేదని డ్రైవరు ఎవరితోనో చెబుతుంటే విన్నాను. నా జన్మలో నేను విన్న మెప్పుల్లో అదే పెద్దది.

తర్వాత ఏమైందో మీకు చెప్పాల్సిన పనిలేదు. సర్కారు బండికి ఏ గతి పడుతుందో నాకూ అదే పట్టింది. విడిభాగాలు దొరకడం లేదన్నారు. దొరకకపోతే చేయించాలని ఎవరికీ తోచలేదు. నన్ను 'పనికిరాని యంత్రాల' జాబితాలో రాసి ఒక దొడ్లో పడేశారు. నేను పనికిరాకుండా పోలేదు. నాకు పని చెప్పడం మానేశారు. ఈ రెంటికీ ఉన్న తేడా ఆ జాబితా రాసినవాడికి తెలియదు. ఆరు వానాకాలాలు అక్కడే తడిశాను. నా సీటులో కోడి గుడ్లు పెట్టింది.

ఆ దొడ్డి నుంచి నన్ను వేలంలో పాడుకున్నవాడు చిదానంద గౌడు. చెలమకొట్టాల పక్కనే ఆయనకు రాతి క్వారీ ఉంది. కొత్త బుల్డోజరు కొనే మనసు లేదు, బుల్డోజరు ఉన్న మనిషి అనిపించుకోవాలనే ఆశ మాత్రం దండిగా ఉంది. నన్ను లారీ మీద వేసుకొని ఆలూరు రోడ్డులో హుసేనప్ప షెడ్డుకు తెచ్చి దింపాడు.

"దీన్ని డోజరు చెయ్యప్పా," అన్నాడు. జొన్నలు ఇచ్చి పిండి పట్టమన్నట్టే అన్నాడు.

హుసేనప్ప మంచి పనివాడు. ఆ మాట ఒప్పుకోకపోతే నాకే తప్పు. పాడైన ఇంజను శబ్దం విని ఎక్కడ నొప్పో చెప్పగలడు. నా ఇంజనును విప్పి, కడిగి, అరిగినవి తీసి, దొరకని వాటిని తానే లేతు మిషను మీద తిప్పి చేసి, ఆరేళ్ళ నిద్ర తర్వాత మొదటి పిలుపుకే పలికేలా చేశాడు. అక్కడితో ఆగి ఉంటే ఆయన పేరు చెప్పి దీపం పెట్టేవాణ్ణి.

ఆగలేదు. షెడ్డు గచ్చు మీద సుద్దముక్కతో గీతలు గీశాడు. అదే నక్షా. జానలతో, బెత్తలతో కొలిచాడు. పాత నీళ్ళ ట్యాంకరు ఒకటి తెచ్చి దాని డొక్క కోసి, ఆ వంపు రేకునే నాకు బ్లేడు చేశాడు. రేకు పలచన అని వెనక పట్టీలు వేశాడు. అంచుకు లారీ స్ప్రింగు పట్టాలు అతికించాడు. లారీ ఛాసీ కోసి చేతులు చేశాడు. టిప్పరు లారీల వెనకభాగాన్ని పైకెత్తే జాకీలు రెండు తెచ్చి ఆ చేతులకు తగిలించాడు. నా ఒంటి మీద ఇన్ని శవాల ముక్కలు ఉన్నాయన్న సంగతి నా మీద రంగు వేసినవాడికి పట్టలేదు.

అది కూడా ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది కొక్కెం సంగతి. బ్లేడు పెట్టిన మరునాడు హుసేనప్ప గ్యాసు కట్టరు వెలిగించి నా వెనక్కి వచ్చాడు. "ఇంగ ఇది లాగేది ల్యా గదా," అని తనలో తాను అనుకున్నాడు. నా కొక్కెం కోసేశాడు. ఎన్ని ఊళ్ళ నాగళ్ళు, ఎన్ని వేల ఎకరాల బరువు దానికి వేలాడాయో! నేనంటే అది. మంచి ఉక్కని దాన్ని పక్కన పెట్టుకున్నాడు, ఆ తర్వాత షెడ్డు తలుపుకు గడియ చేసుకున్నాడు. నాగలి లాగినదానికి ఇప్పుడు తలుపు వేయడం పని. లాగేదాన్ని తోసేదాన్ని చేస్తే ఏమవుతుందో మీరే చూడండి.

మంచిరోజు చూసి ఉదయాన్నే నన్ను బయటికి తీసి, రోడ్డు పక్కన ఒక మట్టికుప్ప మీదికి తోలాడు. టీ బంకు దగ్గరున్నవాళ్ళు గ్లాసులతో సహా వచ్చి నిలబడ్డారు. బ్లేడు కిందికి దించి తోయగానే నా మూతి ముందుకు వంగింది, బ్లేడు భూమిలో దిగబడింది, వెనక గొలుసులు గాల్లోకి లేచాయి. లాగడానికి పుట్టినవాణ్ణి. నా ముక్కు మీద అంత బరువు వేలాడదీసి వెనక ఏమీ పెట్టకపోతే ఇంకేమవుతుంది?

"ఏమప్పా హుసేనప్పా, నీ బండి భూమికి దండం పెడతాండాదే!" అని ఒకడు అరిచాడు. టీ బంకు టీ బంకంతా పడీ పడీ నవ్వింది.

హుసేనప్ప ముఖం వాడిపోయింది. తప్పెక్కడుందో ఆయనకు వెంటనే తెలిసింది. తోకకు బరువు కావాలి. కాస్త సిమెంటు ఇప్పించమంటే గౌడు వంద ప్రశ్నలు వేస్తాడు. అప్పుడు చెలమకొట్టాల వెళ్ళి ఉరుకుందమ్మ కల్లంలో పడి ఉన్న గుండ్లు రెండూ అడిగాడు. కల్లం గుండంటే మీలో కొందరికి తెలియకపోవచ్చు. జొన్న కంకులు పరిచి, వాటి మీద ఎద్దులతో దొర్లించే రాతి గుండు అది. ఒకటి దొర్లించాలంటే ఎద్దుల జత కావాలి. నూర్పిడి మిషన్లు వచ్చాక చాలా కల్లాల్లో అవి ఊరికే పడి ఉన్నాయి. ఉరుకుందమ్మ మాత్రం, మొగుడు పోయాక కూడా, ఆ ఎద్దులతోనే, ఆ గుండ్లతోనే నూర్చుకుంటోంది.

ఆ ఊళ్ళో కల్లం గుండు అమ్మరు. అమ్మితే ఇంట్లో గింజ నిలవదని నమ్ముతారు. అడిగినవాళ్ళకు బదులు ఇచ్చి, పని తీరాక తిరిగి తీసుకుంటారు.

"తీసకపో. బరువు ఎందుకుగావాల్నో చెప్పు," అందట.

"ముందుకు తూలుతాందక్కా బండి. తోకకు బరువు లేకుంటే మూతి మట్టిలో పెడతాది."

"సరే. కల్లం టైముకు నేనడిగితే మాత్రం మారుమాట లేకుండా ఇయ్యాల."

"ఇస్తానక్కా," అని మాటిచ్చి, బండిలో వేసుకొని వచ్చాడు. ఇదంతా ఆయనే గుండ్లు ఎక్కిస్తూ తన మనిషికి చెబుతుంటే విన్నాను. నా వెనక ఒక ఇనుప చట్రం అతికించి, రెండు గుండ్లూ అందులో పెట్టి గొలుసుతో బిగించాడు. నిజం చెప్పాలంటే, అప్పుడు నా ఒంట్లో ప్రాణం కుదుటపడింది. కుప్పను తోశాను. మూతి వంగలేదు.

సాయంత్రం గౌడు వచ్చాడు. పొద్దుటి సంగతి ఆయనకు తెలియదు. చుట్టూ తిరిగి చూసి గుండ్ల దగ్గర ఆగాడు.

"ఇవేందప్పా? కొత్త డోజర్లకు ఇట్లా రాళ్ళుంటాయా?"

హుసేనప్ప నోరు తెరిచాడు. తాను వేసిన బ్లేడు లెక్క తప్పింది, అందుకే ఈ రాళ్ళు అని చెప్పాలి. చెబితే పనివాడుగా పరువు పోతుంది. ఒక్క నిమిషం అటూ ఇటూ చూసి, "దిష్టికి గౌడా," అన్నాడు. "ఇంత పెద్ద బండాయె. ఊరందరి కండ్లూ దీని మీదనే ఉంటాయి."

గౌడు ముఖం వెలిగిపోయింది. తన బండికి దిష్టి తగులుతుందన్న మాట ఆయన చెవికి కచేరీ కంటే ఇంపుగా వినిపించింది. తానే స్వయంగా గుండ్లకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, నిమ్మకాయలు తొక్కించాడు. నాకు పళ్ళు ఉంటే నూరుకునేవాణ్ణి. నా నడుము నిలబెట్టే బరువును తాయత్తు చేశారు! ఒక మెకానిక్కు సిగ్గు, ఒక షావుకారి డంబం, ఈ రెండూ కలిసి నా శాస్త్రాన్ని మంటగలిపాయి.

ఏడాదిపాటు క్వారీ దారిలో రాళ్ళు తోశాను. చెప్పుకోదగ్గది ఏమీ లేదు, అవమానం తప్ప. ఆ తర్వాత ఒక రోజు గౌడు నన్ను చెలమకొట్టాలకు తోలించాడు.

క్వారీ నుంచి పెద్ద రోడ్డుకు దగ్గర దారి కావాలని ఆయన కోరిక. ఆ దారికి ఉరుకుందమ్మ చేను అడ్డం. అది పట్టా భూమి కాదనీ, పాత బండిబాట అనీ అర్జీ పెట్టాడు. సర్వేయరు వచ్చి చూసి రాస్తాడు. బాట అయితే నడి మధ్యలో ముప్ఫై మెట్ల బావి ఎందుకుంటుంది? ఆ ప్రశ్న గౌడుకు కూడా తోచింది. సర్వేయరు మరునాడు వస్తున్నాడు. ఆలోగా బావి లేకుండా పోతే ప్రశ్నా ఉండదు. బావి పోతే, నీళ్ళూ పోయి, చేనూ పోయి, ఆ ముసలామెకు మిగిలేది ఏమీ లేదు. బావి పక్కనే, అది తవ్వినప్పుడు పోసిన మట్టి దిబ్బ ముప్ఫై ఏళ్ళుగా అలాగే ఉంది. దాన్ని నాతో బావిలోకి తోయించాలి. నేను దున్నిన చేను! నా రేడియేటరుకు నీళ్ళు ఇచ్చిన బావి! నీళ్ళ ట్యాంకరు డొక్కతో చేసిన బ్లేడుతో బావి పూడ్చమంటున్నారు! నాకు ఎంత మండిందో ఇంజను వేడి చూసే ముల్లుకు కూడా తెలిసి ఉండదు.

నన్ను తోలుకొచ్చింది హుసేనప్పే. నా లివర్లు ఇంకెవరికీ లొంగవు. పని ఏమిటో చేనులోకి వచ్చాకే ఆయనకు తెలిసింది. సీటు మీద అలాగే కూర్చుండిపోయాడు.

ఉరుకుందమ్మ కల్లం నుంచి పరుగున వచ్చింది. జుట్టు నెరిసింది, నడుము కొద్దిగా వంగింది, కొంగు బిగించిన తీరు మాత్రం మారలేదు.

"పట్టా ఉండాది నాకు! మా మామ పేరు మీద పాసుబుక్కుండాది!"

"ఉంటే రేపు సర్వేయరుకు చూపియ్యి. నాతో ఏంటికి?" అన్నాడు గౌడు.

"రేపటికి బావుంటే గదా చూపిచ్చేది!"

గౌడు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఆయన వెంట వచ్చిన నలుగురూ చేతులు కట్టుకొని నిలబడ్డారు. ఆమె అరిచింది, తిట్టింది, మట్టి తీసి ఎగజల్లింది. తర్వాత ఉన్నట్టుండి నోరు మూసుకుంది. నన్ను చూసింది. మూతి నుంచి మొదలుపెట్టి వెనక దాకా నడుస్తూ చూసింది. పసుపు పూసిన గుండ్ల దగ్గర ఆగింది. హుసేనప్ప వైపు ఒకసారి చూసింది. ఆయన తల దించుకున్నాడు.

"సరేలే గౌడా. నువ్వు పెద్దోనివి, నీతో నేనేం గెలుస్తా," అంది మెత్తగా. "నా గుండ్లు మాత్రం నాకియ్యి. కంకులు కల్లంలో పరిచి వచ్చినా. ఎద్దులు కట్టేసుండాయి."

గౌడుకు గుండె మీది బరువు దిగినంత పనైంది. బావి కోసం ఏడ్చే మనిషి రాళ్ళతో సరిపెట్టుకుంటోంది. పైగా కల్లం కోసం అడిగిన గుండును లేదనడం ఆ ఊళ్ళో ఏ మొనగాడికీ కుదరదు. అయినా దిష్టి సంగతి ఒకటుంది కదా. హుసేనప్పను అడిగాడు.

"ఏమప్పా, దిష్టికి ఇంగేమన్నా కడితే సరిపోదా?"

హుసేనప్ప వెనక్కి తిరిగి గుండ్ల వైపు చూశాడు. ఆ గుండ్లు ఎందుకున్నాయో చెప్పగలిగినవాడు అక్కడ ఆయన ఒక్కడే. "గుమ్మడికాయ కట్టొచ్చు గౌడా," అన్నాడు.

ఎద్దులు వచ్చాయి. గుండ్లు పలకల మీదుగా కిందికి దొర్లాయి. ఉరుకుందమ్మ వాటి పసుపు కుంకుమలు కొంగుతో తుడిచి, ఇరుసులు తగిలించి, తోలుకుపోయింది. నా వెనక, అంత బరువు ఉన్నచోట, ఒక బూడిద గుమ్మడికాయ వేలాడింది. దాని చుట్టూ పచ్చిమిరపకాయలు, నిమ్మకాయలు. ఇన్నేళ్ళలో నాకు జరిగిన అవమానాలన్నీ ఒక ఎత్తు, ఆ గుమ్మడికాయ ఒక ఎత్తు.

"తొయ్యప్పా!" అన్నాడు గౌడు.

తోశాను. దిబ్బ మట్టి గుల్లగా ఉంది. బ్లేడు దిగిందో లేదో మూతి వంగింది. వెనక గొలుసులు లేచాయి, గుమ్మడికాయ గాల్లో ఊగింది. వెనక్కి తీసి మళ్ళీ తోయమన్నాడు. మళ్ళీ అదే. మూడోసారి బ్లేడు భూమిలో మోకాలు లోతున దిగబడి, కుడి గొలుసు చక్రం మీద నుంచి జారి పక్కకు పడింది. రేడియేటరు మూత ఎగిరి ఆవిరి కొట్టింది. బావి అంచుకు ఐదడుగుల దూరంలో ఆగిపోయాను.

"దిష్టి! అనుకున్నా గదా, ఆ గుండ్లు తీసినందుకే దిష్టి తగిలింది!" అని గౌడు నెత్తి కొట్టుకున్నాడు. "పోయి తెండి వాటిని!"

ఎవరూ కదలలేదు. కల్లం మొదలైంది. మొదలైన కల్లాన్ని గింజ కుప్ప పడేదాకా ఆపకూడదు. ఆ ఊళ్ళో అది గౌడుకైనా, గరీబుకైనా ఒకటే.

నేను బుసబుస ఉడుకుతున్నాను. నీళ్ళు పోయకపోతే తల పగిలిపోతుంది. చుట్టూ కనుచూపు మేర నీళ్ళున్న చోటు ఒక్కటే. దాన్నే పూడ్చడానికి వచ్చాం. ఎవరూ నోరు తెరిచి అడగలేకపోయారు. కల్లం నుంచి చూస్తున్న ఉరుకుందమ్మ ఎద్దుల తాడు కూలిమనిషి చేతికిచ్చి, కడవ తీసుకొని, ముప్ఫై మెట్లూ దిగింది. మోకాళ్ళు పట్టుకొని ఎక్కింది. నేను కాస్త చల్లబడ్డాక కొంచెం కొంచెంగా పోసింది. మళ్ళీ దిగింది. మూడో కడవ పోస్తూ, "అప్పుడూ ఇట్లనే తాగితివి," అంది నాతో.

గౌడు ఎటో చూస్తున్నాడు. "చైను ఎక్కిచ్చేకి ఎంతసేపు పడతాదప్పా?" అని అడిగాడు.

హుసేనప్ప నా గొలుసు పక్కన కూర్చొని, చేతికి అంటిన తడి తుడుచుకుంటూ, "రెండు దినాలు," అన్నాడు. అది గంట పని. ఆ సంగతి ఆయనకు తెలుసు, నాకు తెలుసు. నా పని గురించి ఆయన చెప్పిన అబద్ధాల్లో నేను క్షమించింది ఇదొక్కటే.

మరునాడు సర్వేయరు కొలత గొలుసులు లాగించి, కొలిచి, ఊరివాళ్ళ ముందే రాసుకొని పోయాడు. బావి పోలేదు. గౌడు వారం తర్వాత మనుషుల్ని పంపి బ్లేడునూ జాకీలనూ విప్పించుకుపోయాడు. ఈ దిష్టి తగిలిన ఇనుము నాకొద్దని నన్ను ఇక్కడే వదిలేశాడు.

ఊరివాళ్ళు నన్ను వదల్లేదు. "న్యాయం తెలిసిన బండి" అంటారు. "ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చెయ్యలేక ఆగిపోయింది" అంటారు. పండగనాడు బొట్టు పెడతారు. ఇది విన్నప్పుడల్లా నాకు గౌడు మీద కంటే ఎక్కువ కోపం వస్తుంది. నేను ఆగలేదు! మూడుసార్లూ నా శక్తి కొద్దీ తోశాను. ఆ గుండ్లు ఉండి ఉంటే మధ్యాహ్నానికి ఆ బావిని చదును చేసి పెట్టేవాణ్ణి, ఆమె నీళ్ళు నా కడుపులో ఉండగానే. చెప్పిన పని చేసే ఇనుమును నేను. బావిని నిలబెట్టింది ఒక ముసలామె బుర్ర, ఒక మెకానిక్కు మౌనం. వాళ్ళకు పెట్టాల్సిన బొట్టు నాకు పెడుతున్నారు. మనుషులు చేసిన మంచిని కూడా మనుషులకు కాకుండా చేస్తారెందుకో నాకు అర్థం కాదు.

మొన్న ఉరుకుందమ్మ సర్వే కాగితం నకలు తెచ్చుకుంది. ఆమెకు చదువు రాదు. నా గొలుసు మీద కూర్చొని, హుసేనప్ప చేత చదివించుకుంది. సర్వే నంబరు, హద్దులు, పట్టాదారు పేరు అన్నీ చదివాడు. ఆ తర్వాత ఇలా ఉంది: "చేని మధ్యలో ముప్ఫై మెట్ల రాతి దిగుడుబావి, నీళ్ళతో ఉన్నది. బావి తూర్పు అంచుకు ఐదడుగుల దూరంలో, బ్లేడు భూమిలో దించి, బావి వైపు తిరిగి ఒక బుల్డోజరు నిలిచి ఉన్నది."

"ఆ మాట మళ్ళీ సదువప్పా," అంది ఆమె. హుసేనప్ప మళ్ళీ చదివాడు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి రవికలో దాచుకొని, నీళ్ళకు మెట్లు దిగింది.

నేను ఒక ట్రాక్టరును. ఎవరడిగినా అదే చెబుతాను. ట్రాక్టరు అని రాస్తే దున్నడానికి వచ్చిందనుకుంటారు. ఆ ఒక్క కాగితంలో మాత్రం బుల్డోజరు అనే ఉండనివ్వండి.